గరుకు కాగితం

నిన్న గోడ మీది పటం అద్దం పగిలితే లోపలి బొమ్మను బయటికి తీశాను. అమ్మ వేసిన రామంతాపూర్ చెరువు బొమ్మకు అది ఫొటో ప్రింటు. అమ్మ పోయాక అసలు బొమ్మను అమ్మమ్మ అడిగి తీసుకుంది. ఇచ్చేముందు నాన్న దాన్ని ఫొటో తీయించి, రెండో తరగతి చదివే నన్ను వెంటబెట్టుకుని నాచారంలో ప్రింటింగ్ షాపుకు వెళ్లాడు.

షాపాయన ఆ బొమ్మనే రెండు రకాల కాగితాల మీద తీసి ముందు పెట్టాడు. "సూడు బిడ్డా, గిది నున్నగ మెరుస్తది. గిది జర గరుకుగ ఉంటది. ఏది గావాలె?"

గరుకుదాని మీద వేలు జరిపాను. "గిదే నాన్నా. అమ్మ ఏసిన రంగు చేతికి తగుల్తుంది."

నాన్న కూడా తడిమి చూశాడు. ముందు చెరువు మీద, తర్వాత చుట్టూ వదిలిన తెల్ల అంచు మీద.

"గిదే ఇయ్యన్నా" అన్నాడు.

నిన్న నేనూ రంగే లేని ఆ అంచు తడిమాను. అక్కడా అదే గరుకు.