ఉన్నట్టే లెక్క

డెబ్భైల చివర్లో, వరంగల్ దగ్గరి ఒక నేతగాళ్ల ఊరి బడిలో నేను కొత్త పంతులుగా చేరాను. మగ్గాలు ఒక్కొక్కటే మూలపడి, జనం ఇళ్లకు తాళాలు వేసి భివండీ మిల్లులకు వలసపోతున్న రోజులవి. పిల్లలు తగ్గితే పోస్టులు పోతాయని మా హెడ్మాస్టరు హాజరుపట్టీలో ఒక్క పేరూ కొట్టేయనిచ్చేవారు కాదు. వెళ్లిపోయిన పిల్లాడి పేరు దగ్గర నేను ఆగితే, కళ్లజోడు పైనుంచి చూసేవారు.

"భివండీకి పోతే మాత్రం మన పోరడు కాకుంట పోతడా? ఉన్నట్టే లెక్క. టిక్కు పెట్టు."

అలా ఊరు సగం ఖాళీ అయినా, మా బడి కాగితం మీద కళకళలాడింది.

ఆయనకు హన్మకొండలో కొట్టుండేది. అమ్మేది మిల్లుబట్టలే. పొద్దున్నే వచ్చి, సంతకం పెట్టి, కుర్చీ మీద తువ్వాల వేసి, పది గంటల బస్సుకు కొట్టుకు వెళ్లిపోయేవారు.

ఒకరోజు ఇన్‌స్పెక్టరు చెప్పకుండా దిగి, "హెడ్మాస్టరేడి?" అని గద్దించారు. రోజూ మా హాజరు వింటూ వసారా ఊడ్చే అవ్వ, చీపురుతోనే ఆ తువ్వాలను చూపించింది.

"ఉన్నట్టే లెక్క సారూ. టిక్కు పెట్టుండ్రి."