చెరువు కమిటీలో ముగ్గురం

ఏలూరులో మహిళా సంఘాల సమావేశానికి వెళ్తే మైకు ఒక్కసారిగా కీచుమంది. హాలంతా చెవులు మూసుకుంది, నాకు మాత్రం నవ్వు వచ్చింది. "మైకు కావలసినంత మంది చేరితే తీర్మానాలవుతాయి గానీ పనులు కావమ్మా" అనేవారు మా రత్నకుమారి టీచరు గారు. చర్చి పక్క బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యాక, నలభై దాటిన నా చేయి పట్టుకుని అక్షరాలు దిద్దించిన మనిషి. ఆకివీడు అవతల, కొల్లేటి వార ఉన్న మా ఊరి మంచినీళ్ల చెరువు కమిటీకి అప్పట్లో ఆమే ప్రెసిడెంటు.

ఆ ఏడాది వేసవికి కాలువలు కట్టేసే రోజులు దగ్గరపడుతున్నా మా చెరువులోకి నీరు ఎక్కడం లేదు. ఈలోగా నిండకపోతే వేసవంతా డబ్బా నీళ్లే గతి. బోరు వేస్తే వచ్చేది ఉప్పునీరు. కమిటీలో పాతికమందిమి ఎన్నిసార్లు కూర్చున్నా మాట తెగలేదు. కాలువ నీటిని తెచ్చే తూము మా పాతికమందిలోనే ఒకరైన సూరిబాబు గారి చేపల చెరువు గట్టు కింద నుంచి వస్తుంది. అక్కడే పూడిపోయిందని అందరికీ అనుమానమే. ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, "నా గట్టు జోలికొస్తే ఊరుకోనండీ" అని ఆయన ముందే లేచేవారు.

ఒక సమావేశంలో టీచరు గారు, "ముగ్గురితో ఉపసంఘం వేద్దామండీ. తూము చూసి రావడమే వాళ్ల పని. తేల్చేది మళ్లీ మనందరం" అని పేర్లు చదివారు. నేను, నా తోడికోడలు నాగమణి, సూరిబాబు గారు.

"ఆయన్నెందుకండీ?" అని మెల్లగా అడిగాను.

"గట్టు ఆయనదే కదమ్మా. పాతికమంది ముందు తగ్గాలంటే ఎవరికైనా కష్టమే. మీ ఇద్దరి ముందైతే అంత కష్టం ఉండదు."

మర్నాడు పొద్దున్నే వెళ్లాం. సూరిబాబు గారు పంచె ఎగ్గట్టి తూములోకి గెడ దూర్చారు. అది సగంలోనే ఆగిపోయింది. నాగమణి ఊరుకుంటేగా.

"ఏవండీ, లోపల మీ చేపలేమైనా అడ్డంగా పడుకున్నాయేమో."

ఆయన నవ్వేశారు. "నా గట్టు మట్టేనండీ, జారింది. రాసుకోండి."

రాసుకున్నది కమిటీలో నిలబడి చదవడం నా వంతు. "ఉప్పుసంఘం నివేదిక" అని మొదలుపెట్టాను. అందులో ఒక ఒత్తూ ఒక కొమ్మూ నా సొంతం. అందరూ గొల్లుమన్నారు.

"ఉప్పునీళ్లు తప్పించడానికే కదండీ వేశాం, ఆ పేరే ఉంచుదాం" అన్నారు టీచరు గారు.

ఆ నవ్వుల్లోనే సూరిబాబు గారు లేచి, "మిగతాది నేను చెబుతానండీ" అని, తన పొక్లెయిన్‌తోనే తూము తీయిస్తానన్నారు. ఆయన గట్టు మళ్లీ బిగించడానికి ఇంటికొక మనిషి రావాలని పాతికమందీ ఒప్పుకున్నారు. ఆ మాట ఇవ్వడం మా ముగ్గురి వల్ల అయ్యేది కాదు.

కాలువ కట్టేసేలోపు చెరువు నిండింది. మొదటి బిందె సూరిబాబు గారి భార్యే ముంచుకెళ్లారు.

టీచరు గారు ఇప్పుడు లేరు. నేను మాత్రం ఏ కమిటీలో ఉన్నా, మాట తెగనప్పుడు అందరికన్నా గట్టిగా కాదంటున్నది ఎవరో చూసి, వాళ్లను నాతో పాటు ఉపసంఘంలో వేయమని అడుగుతాను.