చెయ్యి వణికితే వేషమనుకున్నాం

వాడరేవులో ఎండుచేపల గుట్ట ముందు నిలబడి మా ఆయన, "వీటికి వాసనే లేదేంటే?" అన్నాడు. చేపలమ్మే మనిషి నవ్వింది. "ఏం సినిమా తాతా, ముక్కు షూటింగులో మర్చిపోయొచ్చావా?" అంది. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఆ వాసన దూరాన్నించే పసిగట్టి సంచి తీసే మనిషి ఆయన. జలుబేమోనని మిరియాల కషాయం పెట్టాను. జలుబు కాదు. జబ్బు అక్కడే మొదలైందని చాలా ఆలస్యంగా తెలిసింది.

మాది వేటపాలెం. నేను మూడో తరగతితో బడి మానేసి జీడిపప్పు బట్టీలో పనికి కుదిరాను. రాతలో తప్పులుంటే సర్దుకోండి. మా ఆయన దేవదానం నాటకాల మనిషి. చర్చిలో క్రిస్మస్ నాటకంతో మొదలుపెట్టి పరిషత్తు పోటీలకి ఊళ్ళు తిరిగాడు. రాజు వేషం ఏనాడూ రాలేదు. మంత్రి, కరణం, తాగుబోతు, ముసలి తండ్రి, ఇవే. తర్వాత సినిమాల్లో పెళ్ళిపెద్ద, శవం దగ్గర ఏడ్చే ముసలాడు. ఆఖరికి టీవీ సీరియళ్ళలో తాతయ్య. బస్సెక్కితే, "మిమ్మల్నెక్కడో చూశామండీ" అనేవాళ్ళు. పేరు మాత్రం ఎవరికీ తెలీదు. ఆ ముఖమే మా బతుకుదెరువు.

ఆయనకో అలవాటు. వేషం ఒప్పుకుంటే ఇంట్లో కూడా విప్పడు. కుంటివాడి వేషమైతే బోరింగు దగ్గరికీ కుంటుతూనే వెళ్తాడు. గుడ్డివాడి వేషం కట్టినప్పుడు కళ్ళు మూసుకుని అన్నం తిని చొక్కా నిండా పులుసు చేసుకున్నాడు. సబ్బు నాది, రెక్కలూ నావే.

ఒక సీరియల్లో చేతులు వణికే తాతయ్య వేషం వచ్చింది. వణుకు ఎంత సహజంగా ఉందోనని డైరెక్టరు మెచ్చుకున్నాడట. ఆ సీరియల్ అయిపోయింది. చెయ్యి ఆగలేదు.

"ఇంక దించవయ్యా ఆ వేషం," అన్నాను.

"ప్రాక్టీసే. మళ్ళీ పిలుస్తారేమో."

అడుగులు చిన్నవయ్యాయి. చెయ్యి ఊపకుండా నడిచేవాడు. అదీ తాతయ్య నడకేననుకున్నాం. ఇంకే ఇంట్లోనైనా ఆపాటికి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళేవాళ్ళు. మా ఇంట్లో ఏళ్ళ తరబడి వేషాలకి అలవాటు పడ్డాం.

ఆ తర్వాత హైదరాబాదు షూటింగులో కొడుకు చనిపోయాడని విని కూలిపోయే సీను పెట్టారు. మళ్ళీ మళ్ళీ తీశారట. "తాతగారూ, ముఖంలో ఏమీ రావట్లేదు, ఏడవండి," అన్నాడట డైరెక్టరు. "ఏడుస్తూనే ఉన్నానయ్యా," అన్నాడట ఈయన. ఇంటికొచ్చి అద్దం ముందు కూర్చున్నాడు.

"నవ్వుతున్నానా?"

"లేదు."

"ఇప్పుడు?"

"లేదయ్యా."

మా అమ్మాయి సుజాత గుంటూరు తీసుకెళ్ళింది. బస్టాండులో దిగాక ఆటో అంది. సిటీ బస్సుండగా ఆటో ఎందుకన్నాను. బస్సు మెట్టు ముందు ఆయన కాళ్ళు అతుక్కుపోయాయి. "ఎక్కుతావా లేదా పెద్దాయనా?" అని కండక్టరు అరిచాడు. నేనే ఆటో పిలిచాను.

న్యూరాలజిస్టు వేళ్ళు ఆడించమన్నాడు, నడిపించాడు, వెనక నుంచి భుజాలు పట్టి లాగి చూశాడు. ఎమ్మారై తీయించాడు. "స్కాన్ నార్మలేనమ్మా," అంటే నా ప్రాణం లేచొచ్చింది. "కానీ ఇది స్కాన్లో పట్టుకునేది కాదు. పార్కిన్సన్స్. ట్రెమర్ ఉంది, రిజిడిటీ ఉంది. ముఖం ఇలా అవడాన్ని మాస్క్ ఫేస్ అంటాం. వాసన పోవడం కూడా దీంట్లోదే."

"తగ్గుద్దా బాబూ?"

"కంట్రోల్ చేస్తాం. క్యూర్ లేదు."

మా ఆయన అడిగింది ఒకటే. "ముఖం తిరిగొస్తుందాండి?"

డాక్టరు మందులు రాస్తూనే, "చూద్దాం," అన్నాడు.

మాత్రలు మొదట్లో పనిచేశాయి. లుంగీ తనే కట్టుకున్నాడు. ముఖం మాత్రం రాలేదు, షూటింగుల వాళ్ళ ఫోనూ రాలేదు. మైకు లేకుండా ఆఖరి వరసకి వినపడే గొంతు పక్కగదిలోకి కూడా వినపడకుండా పోయింది. తర్వాత్తర్వాత వేళ కాకముందే మాత్ర బలం అయిపోయి కొయ్యబారేవాడు. డోసు పెంచారు.

ఒక సాయంత్రం వసారాలోకి చూస్తూ, "ముందు వరసలో వాళ్ళకి మంచినీళ్ళియ్యి కరుణా," అన్నాడు. అక్కడ నేను ఆరబోసిన మిరపకాయలు తప్ప ఏమీ లేవు.

"ఎవరయ్యా?"

"జనం. బానే వచ్చారు."

అప్పట్నుంచి వాళ్ళు వస్తూనే ఉన్నారు. వాళ్ళున్నంతసేపూ ఆయన నిటారుగా కూర్చునేవాడు. ఒకనాడు వాళ్ళకి పద్యం పాడబోయి లేచి పడ్డాడు. తుంటి విరిగింది. ఆపరేషనైంది.

"హాల్యూసినేషన్స్ అమ్మా. డోసు తగ్గించాలి. తగ్గిస్తే స్టిఫ్‌నెస్ పెరుగుతుంది. ఏదో ఒకటి ఒప్పుకోవాలి," అన్నాడు డాక్టరు.

ఒప్పుకున్నాం. జనం రావడం ఆగింది.

"వెళ్ళిపోయారా?" అన్నాడు.

"వెళ్ళిపోయారు."

"ఇంకా అవలేదుగా."

ఇప్పుడు మంచంలోనే. అన్నం మెత్తగా పిసికి పెడితేగాని గొంతు దిగదు. ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు, "ఎంత ప్రశాంతంగా ఉన్నారమ్మా," అంటారు. ప్రశాంతం కాదది. మొన్న పప్పు వేడి చూడకుండా పెట్టాను. నోరు కాలినా ముఖం అలాగే ఉంది, కంట్లోంచి మాత్రం నీళ్ళు కారాయి. బాగవుతాడని నేననుకోవడం లేదు. ప్రార్థనలో అది అడగడం మానేశాను.

నిన్న టీవీలో ఆ పాత సీరియలే మళ్ళీ వేశారు. తెరమీద తాతయ్య నవ్వుతున్నాడు, చెయ్యి వణుకుతోంది. "వణుకు బాగా చేశావయ్యా," అన్నాను. చెవి ఆయన నోటి దగ్గర పెట్టి కూర్చున్నాను. ప్రకటనలొచ్చాయి, పోయాయి.

"అప్పటికే వేషం కాదే," అన్నాడు.

మీ ఇంట్లో ఇలాంటి మనిషుంటే ముఖం చూసి మీరే తేల్చుకోకండి. ఆకలా, నొప్పా, కాలుతోందా అని నోటితో అడగండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, సన్నగా వస్తుంది. వచ్చేదాకా ఆగండి.