కృపమణి అలియాస్ ఓబులమ్మ

"నీకు పేర్లెన్ని?" అని మిల్లు తరఫు వకీలు అడిగాడు.

"రెండుండాయి సామీ. ఇంట్లో ఓబులమ్మ, చర్చీలో కృపమణి."

"అయితే మరలో చెయ్యి పెట్టింది ఏ మనిషి?"

కర్నూలు కచేరీలో ఉన్నవాళ్లు నవ్వారు. కృపమణి నవ్వలేదు. ఆమె కుడిచేతికి బొటనవేలూ చూపుడువేలూ లేవు. ఆ ప్రశ్నకు జవాబు కుదరకపోతే వాటికి రావలసిన పరిహారం, రెండువందల నలభై అయిదు రూపాయలు, రాదు.

నంద్యాల శివార్లలోని ఒక జిన్ను మిల్లులో ఆమె ఆరేళ్లు పని చేసింది. గింజపత్తిని గుప్పెళ్లతో తీసి, తోలు చుట్టిన రోలరుకు అందించాలి. రోజుకు నాలుగు అణాలు. రోలరు దూదిని లాగేసుకుంటుంది, దాని పక్కనున్న కత్తి గింజను ఆపుతుంది. చేతికీ కత్తికీ నడుమ ఒక కొయ్య అడ్డం ఉండేది. అది ఉంటే పని సాగడం లేదని మేస్త్రీ సుంకన్న ఊడదీయించాడు. 1937 వేసవిలో, అడ్డం తీసిన పదకొండో రోజున, రోలరు పత్తితోపాటు వేళ్లనూ లాగింది.

యజమాని పది రూపాయలూ, మంత్రాలయం అక్షింతల పొట్లమూ పంపాడు. పాదిరి వచ్చి ఓర్పు గురించి చెప్పిపోయాడు. ఇద్దరూ మంచివాళ్లని ఊరంతా అంటుంది, కావచ్చు. పనివాళ్ల పరిహారం చట్టంలో మంచితనం ఊసు లేదు. ఆమె కూలికి పూర్తి పరిహారం ఏడువందలు, అందులో బొటనవేలు పోతే నూటికి ఇరవై అయిదు, చూపుడువేలు పోతే పది అని లెక్క ఉంది. ఆ మాట ఆమె చెవిన వేసిందీ, అర్జీ రాసిందీ పల్లెబడిలో పాఠాలూ చర్చీలో ప్రార్థనలూ చెప్పే ఉపదేశి దావీదురాజు. ఆ ఘనత ఆయనదే. కొంప ముంచిందీ ఆయనే.

మిల్లు హాజరు పట్టీలో ఆమె పేరు ఓబులమ్మ. చేరిన రోజున కృపమణి అని చెప్తే, "ఆ పేరు నాకు నోరు తిరగదు పోమ్మే, ఇంట్లో ఏమంటారు?" అని అడిగి సుంకన్న అదే రాసుకున్నాడు. అర్జీలోనూ ఆ పేరే పెట్టమని ఆమె ఉపదేశిని బతిమాలింది.

"బాప్తిస్మం తీసుకున్నదానివి, ఓబులేసుని పేరు మీద దుడ్లు తీసుకుంటావా తల్లీ?" అన్నాడాయన.

"అయ్యవారూ, వేళ్లు పోయినపొద్దు నేను ఏ పేరుతో ఏడ్చినానో నాకే తెలీదు."

అయినా ఆయన కృపమణి అనే రాశాడు. భక్తికి కాయితాల గొడవ పట్టదు. వకీలుకు పట్టింది. పట్టీలో ఉన్న ఓబులమ్మ పరిహారం అడగలేదట, అడిగిన కృపమణి మిల్లులో పనే చేయలేదట. పట్టీ చేతిలో పట్టుకుని సుంకన్న తల ఊపుతున్నాడు. దావీదురాజు తల ఎత్తలేదు.

అప్పుడు పక్క మర దగ్గర పనిచేసే హంపమ్మను పిలిచారు. కూలి పోతుందని తెలిసే వచ్చింది ఆమె.

"ఈమె పేరేమిటి?" అని కేసు విచారిస్తున్న అధికారి అడిగాడు.

"ఓబులమ్మా అంటే పలుకుతాది, కృపమణీ అన్నా పలుకుతాది దొరా. పేర్లు రెండైతే ఏమి, మర నమిలింది ఒక చెయ్యే గదా! ఆ వేళ్లు గుడ్డలో కట్టి పూడ్చింది నేను. సుంకన్నా, గడ్డపార ఇచ్చింది నువ్వు గాదా? చెప్పప్పా!"

సుంకన్న తల ఊపడం ఆపేశాడు. అధికారి 'కృపమణి అలియాస్ ఓబులమ్మ' అని రాసి, మొత్తం కట్టమని ఉత్తర్వు ఇచ్చాడు. హంపమ్మను మరునాడే పనిలోంచి తీసేశారు.

మిల్లు వంద రూపాయలు కట్టింది. ఆ పైన యజమాని, ఆయన తమ్ముడు ఆస్తి పంచుకున్నారు. జిన్ను అన్నకు, పొలాలు తమ్ముడికి పోయాయి. ఈ బాకీ ఎవరి వాటాలోనూ రాయలేదు. వసూలు కోసం తాలూకా కచేరీకి ఏడు అర్జీలు వెళ్లాయి. కృపమణి ఇప్పుడు ఎడమచేత్తో వేరుశనగ కాయలు ఏరుతోంది, రోజుకు అణాన్నర.

ఇది 1946. మిల్లు ఆమెకు నూటనలభై అయిదు రూపాయలు ఇంకా ఇవ్వాలి.