రాజేశమన్న దాచిన గాలం

రాజేశమన్న పరమపదించాడు. ఈ వాక్యం రాసి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. నాకు తెలిసిన మనిషి గురించి రాసిన వాక్యంలా లేదిది. మా కంపెనీలో సైటు బస్సు నడిపిన రాజేశం, జగిత్యాల వైపు మనిషి, మొన్న శుక్రవారం తెల్లవారుజామున ఖతర్‌లో అల్ వుకైర్ దగ్గరి మా క్యాంపులో నిద్రలోనే గుండె ఆగి పోయాడు. ఆ వేళకు నేను గేటు దగ్గర గాలం కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను టైమ్‌కీపర్‌ను, ఆలస్యమంటే నాకు ఒళ్లు మంట. "ఏందన్నా, సముద్రం నీ కోసం ఆగుతదా? లేవరాదు!" అని ఫోనులో మాట పంపాను. జవాబు రాకపోతే ఇంకాస్త ఘాటుగా ఇంకోటి పంపాను. అప్పటికే ఆయన లేడు.

ఇలాంటి వ్యాసాల్లో ఆ వార్త అశనిపాతమైందని రాస్తారు. నాకు పిడుగు పడ్డట్టేమీ అనిపించలేదు. చాలాసేపు తల కింద పెట్టుకున్న చెయ్యి తిమ్మిరెక్కినట్టు మనసంతా మొద్దుబారింది. ఆసుపత్రిలో గుర్తుపట్టమన్నారు, గుర్తుపట్టాను. సంతకం పెట్టమన్నచోట పెట్టాను. పార్థివదేహం విమానమెక్కిన రోజు క్యాంటీనులో కూర్చుని కడుపునిండా తిన్నాను కూడా. ఏడుపు రాలేదు, ఇప్పటికీ రావడం లేదు. ఆయన బట్టలు, దుప్పట్లు అట్టపెట్టెలో సర్ది ఊరికి పంపాను గానీ గాలం సామాను మాత్రం నా మంచం కిందికి తోశాను. కావాలనే చేశాను.

దహనసంస్కారం ముగిసిన మర్నాడు వాళ్లమ్మ నర్సమ్మగారు ఫోను చేసింది. నన్ను ఆమె ఎన్నడూ చూడలేదు.

"బిడ్డా, నా కొడుకు బస్సు తోలుతున్న అని చెప్పిండు. నిజమేనా?"

"నిజమే అమ్మా."

"స్టీరింగ్ పట్టుకుంటె ఏళ్లు కోసుకపోతయా? పెట్టె తెరిచినంక వాని చెయ్యి పట్టుకున్న. చూపుడేలు నిండ గాట్లే. పాతయి, కొత్తయి. ఆ దుబాయ్‌ల నా కొడుకుతోని ఏం పని చేయించిండ్రో చెప్పు బిడ్డా. నువ్వు దోస్తువంట గద, నువ్వన్న నిజం చెప్పు."

మళ్లీ చేస్తానని చెప్పి ఫోను పెట్టేశాను. ఆమెకు గల్ఫంతా దుబాయే. కానీ ఆ అనుమానంలో తప్పేముంది? ఒక పని అని తీసుకొచ్చి ఇంకో పనికి తోసిన కథలు మన ఊళ్లలో ఇంటికొకటి ఉన్నాయి. కొడుకు ఏళ్ల తరబడి నరకం చూశాడని, తల్లి బాధపడుతుందని దాచాడని ఆమె గట్టిగా నమ్ముతోంది. ఆ గాట్లు గాలం దారం కోసిన గాట్లు. కానీ చేపల సంగతి అమ్మకు ఎప్పటికీ చెప్పవద్దని రాజేశమన్న నా చేత మాట తీసుకున్నాడు. ఇప్పుడు నేను ఎవరికి ద్రోహం చెయ్యాలి? ఏషియన్ టౌన్‌లో మనవాళ్లు పెట్టుకుంటున్న సంతాపసభకు నాలుగు మాటలు రాయమంటే కాగితం ముందు కూర్చున్నాను గానీ, నా బుర్రలో తిరుగుతున్నది ఈ ఒక్క ప్రశ్నే.

దాచడానికి కారణం ఉంది. వాళ్లది గంగపుత్రుల ఇల్లు. నాయన చెరువులో వల వేసేవాడు, అమ్మ గంపనెత్తుకుని ఊరూరా అమ్మేది. నీళ్లలో నానినాని నాయన కాళ్లు పుండ్లు పడి, చివరికి నడవలేక మంచం పట్టాడు. ఆయన పోయాక నర్సమ్మగారు ఒట్టు పెట్టుకుంది, నా కొడుకు చేతికి నీసు వాసన తగలవద్దని. అందుకే డ్రైవింగ్ నేర్పించి విమానమెక్కించింది. ఆ కొడుకు ఖతర్‌లో దిగి, మొదటి సెలవునాడే అల్ వక్రా ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూశాడు. ఇక అంతే. "చేపలు పట్టద్దని పంపితె చేపల దగ్గరికే పంపింది మా అమ్మ" అని నవ్వేవాడు.

మితభాషి ఆయన. బస్సులో రోజంతా కలిపి పది మాటలాడితే గొప్ప. కానీ వసంతంలో ఇక్కడి సముద్రం చలి విడిచి, చిన్నచేపల గుంపులు ఒడ్డుకు చేరి, వాటి వెంట పెద్దవి తరుముకొచ్చే రోజుల్లో ఆయనకు నోరు వచ్చేది. నేను మొదటిసారి రొయ్య గుచ్చి, దారం నీళ్లలో వదిలి, మా ఊరి చెరువు గట్టున కూర్చున్నట్టు కూర్చున్నాను. ఆయన చూసి చూసి, "ఏమయ్యా టైమ్‌కీపర్, చేపకు గూడ హాజరు వేస్తున్నవా? అది నీ తానికి రాదు. నువ్వే దాని తానికి పోవాలె" అన్నాడు. రొయ్య తీసేసి వెండిరంగు రేకు ఒకటి కట్టిచ్చాడు. "నిలబెడితె రేకు, ఆడిస్తె చేప" అన్నాడు. ఆ పొద్దు నాకేమీ పడలేదు, బండల మీద కాలు జారి మోకాలు మాత్రం పగిలింది.

నీళ్లను చూడకుండా ఎరల డబ్బా తెరిచేవాడు కాదు. ఒడ్డున గొంతుక్కూర్చుని, చెంపలకు రెండు చేతులూ అడ్డం పెట్టుకుని తొంగి చూసేవాడు. నీళ్లు తేటగా ఉంటే చిన్న ఎర, మాసిన రంగు, సన్నదారం. ముందురోజు గాలిదుమారం వచ్చి నీళ్లు కలకబారితే పసుపురంగుది. పొద్దు పొడవక ముందు దారం మెల్లగా చుట్టాలి, మధ్యమధ్య ఆపాలి. "పొద్దుగాల చేపకు బద్ధకం, మనలెక్కనే. గుంజితె రాదు, బుజ్జగించాలె" అనేవాడు. ఎండెక్కాక అదే ఎరను చెయ్యి నొప్పి పుట్టేదాకా వేగంగా లాగమనేవాడు. కొత్త ఎర కొంటే గిన్నెలు తోమే పీచుతో రుద్ది దాని తళుకు పోగొట్టేవాడు. డబ్బు పెట్టి కొన్నది పాడు చేస్తున్నావేమిటని నేను విసుక్కుంటే, "గింత షోకెందుకే దీనికి, పెండ్లికి పోతదా?" అనేవాడు.

కొనడం మాత్రం నిజంగా పెళ్లిచూపులే. అల్ దోహా అల్ జదీదాలో గాలాల దుకాణం కౌంటరు దగ్గర కూర్చునే కరీం భాయ్ మన నిజామాబాద్ మనిషి. రాజేశమన్న లోపలికి అడుగు పెట్టగానే, నేల తుడిచే బకెట్టును కడిగి నీళ్లు నింపి ముందు పెట్టేవాడు. ఒక్కొక్క ప్లాస్టిక్ చేపనూ దారానికి కట్టి ఆ బకెట్టులో ఇటునుంచి అటు ఈదించి చూసేవాడు మావాడు. కరీం భాయ్ తల పట్టుకుని, "క్యా మియా, కాంటా లేరే కి రిష్తా దేఖ్‌రే?" అనేవాడు, గాలం కొంటున్నావా సంబంధం చూస్తున్నావా అని. "నడక చూడకుంట ఎట్ల చేసుకుంట భాయ్?" అని ఈయన జవాబు. అన్నీ ఈదించి, ఒక్కోసారి ఏదీ నచ్చక ఉత్తచేతులతో లేచేవాడు. కరీం భాయ్ తిట్టేవాడే గానీ బకెట్టు పెట్టడం మానలేదు.

గడిచిన వసంతంలో ఒక శుక్రవారం పెద్ద కనాద్ తగిలింది ఆయనకు, వైజాగ్ వాళ్లు వంజరం అంటారే, అది. దారం సర్రున సాగిపోతుంటే వేలితో నొక్కి పట్టాడు. వేలు తెగి రక్తం కారుతోంది. "వదిలెయ్యన్నా!" అని నేను అరుస్తున్నాను. ఆయన నవ్వుతున్నాడు. పళ్లన్నీ కనపడేలా, వీధిపిల్లవాడిలా కేకలు పెట్టి నవ్వుతున్నాడు. చేపను బండ మీదికి లాగి ఇద్దరం చూసుకుంటూ ఉండగానే అమ్మ వీడియో కాల్ వచ్చింది. క్షణంలో ముఖం మారిపోయింది. కర్ర బండ వెనక పడేసి, చేతులకు నిమ్మకాయ రుద్దుకుని, రోడ్డు వైపు తిరిగి ఫోనెత్తాడు. "డ్యూటీల ఉన్ననమ్మా." కాల్ అయ్యాక నేను అడిగాను, నిమ్మకాయ ఎందుకన్నా, ఫోనులో వాసన పోతుందా అని. "మా అమ్మకు పోతది. నువ్వు గూడ ఎన్నడు చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను.

ఆయన మరణవార్త చెప్పడానికి నిన్న కరీం భాయ్ దుకాణానికి వెళ్లాను. విన్నాడు. లేచి నిలబడి, వాళ్ల ప్రార్థన పెదాల మధ్యనే చెప్పుకుని మళ్లీ కూర్చున్నాడు. నర్సమ్మగారి ఫోను సంగతి, నేనిచ్చిన మాట సంగతి చెప్పాను. ఆయన తెలుగులోనే అన్నాడు: "మాట తీసుకున్నోడు పోయిండు భాయ్. ఇగ అమ్మ బతకాలె గద. చెప్పు, ఈడినుంచే ఫోను చెయ్యి."

చేశాను. అంతా చెప్పాను. గాట్లు ఎవరో పెట్టిన బాధ కాదని, ఇష్టపడి తెచ్చుకున్నవని, డ్రైవరు ఉద్యోగం నిజమేనని, సెలవు దొరికితే సముద్రమేనని. ఆమె చేపలమ్మిన గొంతుతో అడిగింది.

"ఎర ఏం పెట్టేటోడు?"

"ఎర లేదమ్మా. ప్లాస్టిక్ చేప."

"పానం లేని దానికి చేప ఎట్ల వస్తది బిడ్డా?"

"పానం ఉన్నట్టు ఆడించేటోడమ్మా. ఈడ అందరికంటె మంచిగ ఆడించేటోడు."

"సంబురంగ ఉండెనా మరి?"

"ఉండెనమ్మా. నేను చూసిన."

"నాకెందుకు చెప్పలే?" అంది. మీరు వద్దన్నారని, మీరు బాధపడతారని దాచాడమ్మా అన్నాను.

"నేను వద్దన్నది ఆ బురదను బిడ్డా" అంది నర్సమ్మగారు. "వాని నాయన కాళ్లు తిన్న బురదను. చేపను వద్దన్ననా? వలేస్తె వాడు నవ్వుతడని వాని చిన్నప్పటి సంది నాకు తెల్వదా? ఒక్క మాట అడిగితె, పట్టుకో కొడకా అనకపోదునా?"

ఆమె ఏడవడం మొదలుపెట్టింది. నేను ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడ్డాను. కరీం భాయ్ షట్టరు సగం దించాడు.

అల్ వక్రా ఒడ్డున నీళ్లు చదవగలిగినవాళ్లు ఇంకా ఉంటారేమో గానీ, రాజేశమన్న లేని లోటు తీరేది కాదు. ఆ పుణ్యమూర్తికి నా నమస్సులు. ఆయన ఇన్నేళ్లు వినడానికి భయపడిన జవాబు నిన్న నేను విన్నాను. దాన్ని ఆయనకు చేరవేసే దారి నా దగ్గర లేదు.