లింగప్ప కట్టిన శవం వేషం

గుమ్మఘట్ట చుట్టుపక్కల పల్లెల్లో లింగప్పను ఎరగనివాళ్లు తక్కువ. ముప్పై ఏళ్లు నాటకాల్లో వేషం కట్టాడు. ఆయన రాగం ఎత్తుకుంటే అది దిగేలోపల బీడీ కాల్చుకుని రావచ్చని జనం ఎగతాళి చేసేవాళ్లు. అయినా "వన్స్ మోర్" అని అరిచేదీ ఆ జనమే. మా వైపు ఆ కేకకు తిరుగులేదు. కేక పడితే వేషగాడు మళ్లీ చేయాల్సిందే. యుద్ధంలో కూలినవాడైనా సరే లేచి, దుమ్ము దులుపుకుని, పద్యం పాడి, మళ్లీ చావాలి. లింగప్ప ఒక్క ఆటలో నాలుగుసార్లు చచ్చిన రోజులున్నాయి.

ఇంటి దగ్గర మాత్రం ఆయన మాట ఒక్కసారి వినే దిక్కు లేదు. కొడుకులిద్దరు. పెద్దవాడు ఓబుళేసు, చిన్నవాడు శ్రీనివాసులు. పొలం భాగాలు పంచుకున్నాక పెద్దవాడు గట్టు పక్కన బోరు వేయించాడు, నీళ్లు పడ్డాయి. మరుసటేడు చిన్నవాడు అదే గట్టుకు ఇవతల ఇంకా లోతుగా వేయించాడు. పెద్దవాడి బోరు ఎండిపోయింది. ఆ ఎండాకాలానికే చిన్నవాడిదీ ఎండిపోయింది. నీళ్లు ఇద్దరికీ లేకుండా పోయాయి, పంతం మాత్రం ఇద్దరికీ మిగిలింది. నాలుగేళ్లుగా అన్నదమ్ములకు మాటల్లేవు. ఒకే ప్రహరీలో ఉంటూ "వానికి చెప్పుమా" అని తల్లి చెన్నమ్మను అటూ ఇటూ తిప్పేవాళ్లు. ఆమె మోకాళ్లు అరిగింది పొలం పనికి కాదు, ఈ కబుర్లు మోసే పనికే.

లింగప్పకు కావాల్సింది ఒకటే. తాను పోయేలోపల ఆ ఇద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడాలి. పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి చూశాడు. అన్నం మానేసి చూశాడు. మూడోరోజు ఇద్దరూ విడివిడిగా వచ్చి చెరొక గ్లూకోజు ప్యాకెట్టు ఇచ్చి పోయారు, అంతే. చివరికి తనకు తెలిసిన దారిలోనే పోయాడు. నాటకం రాశాడు.

కథ చిన్నది. తండ్రి చచ్చిపోతాడు. మూడో రంగంలో శవాన్ని ముందు పెట్టుకుని కొడుకులు కొరివి నువ్వు పెట్టు అంటే నువ్వు పెట్టు అని తగువులాడతారు. నాలుగో రంగంలో అన్న తప్పు ఒప్పుకుని తమ్ముణ్ణి కౌగిలించుకుంటాడు. తండ్రి వేషం తనది, కొడుకుల వేషాలు కొడుకులవి. స్టేజీ ఎక్కినవాడు ఎదుటివాడి మాటకు బదులు చెప్పక తప్పదు కదా అని ఆయన ఆశ. కొడుకులు ఒప్పుకున్నారు. వేషాల పిచ్చి ఇద్దరికీ తండ్రి నుంచే అంటింది. రిహార్సల్లో మాత్రం ఇద్దరూ తమ మాటలన్నీ హార్మోనియం వాయించే యేసన్న మొహం చూసి చెప్పారు.

"ఏమప్పా, నేనేమన్నా మీ తమ్మున్నా? ఆయప్ప తట్టు సూసి చెప్పు," అన్నాడు యేసన్న.

"స్టేజీ మింద చెప్తాలే అన్నా," అన్నాడు ఓబుళేసు.

ఊరి జాతరలో ఆడాలనుకున్నారు. రాత్రిపూట రికార్డింగ్ డాన్సుకు పోయింది. నాటకానికి మిట్టమధ్యాహ్నం దక్కింది. షామియానా కింద జనం విసనకర్రలతో కూర్చున్నారు. మూడో రంగంలో లింగప్ప ముక్కుల్లో దూది పెట్టుకుని, కాలి బొటనవేళ్లు కట్టించుకుని, చాప మీద పడుకున్నాడు.

"నాయన నీ దగ్గరే ఎక్కువ తిన్యాడు. కొరివి నువ్వే పెట్టు," అన్నాడు ఓబుళేసు, తమ్ముడి మొహం చూసి.

"నా దగ్గర తినింది సంగటి. నీ దగ్గర తాగింది కాఫీ. కాఫీ తాపించినోడే పెట్టల్ల," అన్నాడు శ్రీనివాసులు, అన్న మొహం చూసి.

నాలుగేళ్ల తర్వాత అదే మొదటిసారి. లింగప్పకు సంతోషంతో ఏడుపు తన్నుకొచ్చింది. శవం ఏడిస్తే బాగుండదని పళ్లు బిగబట్టాడు. జనం విరగబడి నవ్వి వన్స్ మోర్ అన్నారు. మళ్లీ చేశారు. మళ్లీ అదే కేక. మూడోసారికి లింగప్ప రాసిన మాటలు పక్కకు పోయాయి.

"నా బోరు సంపినోడివి నువ్వు. నువ్వు పట్టిన పాడె నేను పట్టను," అన్నాడు ఓబుళేసు.

"పట్టాకు. ఈయప్ప సమంగా పంచినానని ఊరంతా చెప్పుకుంటాడు. మన్నంతా నీ తట్టు, రాళ్లన్నీ నా తట్టు. నేనూ కొరివి పెట్టను పో. పంచాయతీ ట్రాక్టరొస్తాది, ఏసుకోని పోతాది."

జనం పడీపడీ నవ్వారు. లింగప్ప లేచి ఆపాలనుకున్నాడు. కానీ లేస్తే మాటలు ఆగిపోతాయి. తిట్టుకుంటున్నారు, నిజమే, తిట్టేది ఒకరినొకరే కదా. కదలకుండా పడుకున్నాడు. ఇంతలో డాన్సువాళ్ల సౌండు బాక్సులు దిగాయి. జాతర కమిటీవాళ్లు తెర వేయించేశారు. నాలుగో రంగం పడనే లేదు.

ఆ తర్వాత ఊళ్లనుంచి పిలుపులు మొదలయ్యాయి. ఆ శవం నాటకమే, ఆ బోరు తిట్లతో సహా కావాలన్నారు. నాలుగో రంగం ఏడుపుగొట్టుగా ఉంటుంది, వద్దన్నారు. కొడుకులు చెరొక బండి మీద వచ్చేవాళ్లు. స్టేజీ మీద అరగంట మాట్లాడుకునేవాళ్లు. దిగగానే మూతులు ముడుచుకునేవాళ్లు. ఎండలో తిరగొద్దని, గుండె బాగాలేదని డాక్టరు చెప్పినా లింగప్ప వినలేదు. పామిడి దాకా పోయి ఏడాదిలో పదకొండు ఊళ్లలో చచ్చాడు.

మొన్న నల్లమాడ దగ్గర ఆటకు చెన్నమ్మ కూడా వచ్చింది. ఆమె ఆ నాటకం చూడడం అదే మొదలు. పక్కనున్న ఆడవాళ్లు కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతుంటే ఆమె కొడుకుల నోళ్లవైపే చూస్తూ కూర్చుంది. ఆట అయ్యాక తెర వెనక్కి వచ్చి మొగుడి ముక్కుల్లో దూది తీసింది.

"బాగుండాదా?" అని అడిగాడు.

"బాగుండాది. ఒక్క మాట తప్పకుండా చెప్పినారు."

"సూడు మరి. ఈడన్నా మాట్లాడుకుంటాండారు. నేనుండేదాకా ఆడిపిస్తా."

చెన్నమ్మ వంగి ఆయన బొటనవేళ్ల కట్టు విప్పింది. ముడి బిగుసుకుపోయి కాసేపు పట్టింది.

"నువ్వు నిజంగా పోయిన పొద్దు ఏం మాట్లాడల్లో తెలీక ఇద్దరూ ఒకరిమీదొకరు పడి ఏడ్చుందురు," అంది. "ఇప్పుడు వాళ్లకు మాటలన్నీ వచ్చు. నువ్వే నేర్పిచ్చినావు."

లింగప్పకు బతుకులో మొదటిసారి చావంటే భయమేసింది.