కంబళి చుట్టిన కెమెరా స్టాండు

మా మేనమామ పోయాడని నాకెవరూ ఫోన్ చేసి చెప్పలేదు. పోయిన నెల ఒక పొద్దున కుప్పంలో మా ఇంట్లో పాలు కాస్తూ ఫోన్ చూస్తే, దూరపు బంధువొకడు పెట్టిన స్టేటస్‌లో మామ కనిపించాడు. ముక్కుల్లో దూది, తెర నిండా రాలుతున్న గులాబీ రేకులు, వెనక ఏడుపు సంగీతం. కింద ఆ బంధువు పేరు, అతను వెలగబెడుతున్న పదవి. నాకు కన్నీళ్ళు రాలేదు. పాలు పొంగి పొయ్యి ఆరిపోయేదాకా అట్లాగే నిలబడ్డాను.

మామకు మదనపల్లెలో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్ళికి ముందు కొన్నేళ్ళు నేను ఆయన దగ్గరే పనిచేశాను. మాకు బండి లేదు. పుంగనూరైనా, బైరెడ్డిపల్లె అయినా, కుప్పమైనా బస్సులోనే పోవాలి. కెమెరా సంచి పెద్ద చిక్కు కాదు. చిక్కంతా ట్రైపాడ్‌తోనే. దాన్ని ఆయన స్టాండు అనేవాడు. అల్యూమినియంది, బరువైనది. బస్సెక్కితే ఎవరో ఒకరి మోకాలికి తగిలేది, కండక్టరు లగేజీ అనేవాడు. దిగితే జనం మూగేవాళ్ళు. "సినిమావోళ్ళు వచ్చినారు" అని ఊళ్ళో ఒక కేక వినబడిందంటే మామ ముఖం మాడిపోయేది.

చాపలో చుట్టి చూశాడు, చాప చిరిగింది. గోనెసంచిలో పెడితే బియ్యమనుకుని దాని మీద కూర్చున్నారు. చివరికి ఒక నల్ల కంబళి తెచ్చాడు. కెమెరా బిగించే పైభాగాన్ని విప్పి తువ్వాలులో చుట్టి టిఫిన్ సంచిలో వేసేవాడు. కాళ్ళు గలగలమనకుండా పాత సైకిలు ట్యూబు ముక్కలతో కట్టి, కంబళిలో చుట్టి, రెండు చోట్ల తాడు బిగించి భుజానికి తగిలించుకునేవాడు. చూసేవాళ్ళకు చేను కాపలాకు పోతున్న రైతు. బస్సులో పైన పెట్టేవాడు కాదు. కిటికీ పక్కన కూర్చుని, మోకాళ్ళ మధ్య నిలబెట్టి, పసిబిడ్డను పట్టుకున్నట్టు ఒక చెయ్యి వేసి ఉంచేవాడు. ఏ ఇంటికి పోయినా గడప దాటకముందు స్టాండు కాళ్ళకు అంటిన మట్టిని గుడ్డతో తుడిచేవాడు. తన చెప్పులు విప్పడం తర్వాత.

పెళ్ళిళ్ళలో "అడ్డం రావద్దు" అని అరిచే ఫొటోగ్రాఫర్లంటే ఆయనకు రోత. "పెండ్లి వాళ్ళదా, వీడిదా?" అనేవాడు నా చెవిలో. కుప్పంలో ఒక వ్యాపారి ఇంటి శుభకార్యంలో స్తంభం పక్కన స్టాండు వేసి, అందరూ మమ్మల్ని మరిచిపోయేదాకా కదలకుండా నిలబడ్డాడు. ఆ ఇంటి ముసలమ్మ ఫొటో అంటే చాలు నోరు బిగించేసేదట, పళ్ళు లేవని సిగ్గు. ఆ రోజు మనవరాలు ఏదో అంటే బోసినోరు తెరిచి పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఇప్పటికీ వాళ్ళ హాల్లో గోడ మీద ఉంది. మనుషుల్ని చూడాలి, చూస్తున్నామని వాళ్ళను ఇబ్బంది పెట్టకూడదు. ఇది నాకు ఇంకెవరూ నేర్పలేదు.

పుంగనూరు అవతల, పెద్దపంజాణి దోవలో ఒక పల్లెకు పోయిన రోజు మాత్రం తలచుకుంటే ఈ రోజుకీ నోరు చేదెక్కుతుంది. పొలాలున్న పెద్ద కుటుంబం. ఇంటి యజమాని చనిపోతే చివరి ఫొటో కోసం పిలిపించారు. మామ కంబళి మూటతో వెళ్ళి అరుగు మీద మగవాళ్ళ మధ్య కూర్చున్నాడు. చనిపోయినాయన భార్య తమ్ముణ్ణి అడిగి, ఆయన సరే అన్నాక మూట విప్పాడు. శవం చుట్టూ ఇంటివాళ్ళను ఉంచి ఫొటో తీశాడు. పని అయిపోయింది.

అప్పుడు కారులో పెద్దల్లుడు దిగాడు. ఆయమ్మ అప్పటికి ఏడ్చి ఏడ్చి గోడకు ఆనుకుని ఉంది.

"అత్తా, నువ్వు మీద పడి ఏడ్చింది ఫొటోలో రాలేదంట. నేనొచ్చినా కదా, మళ్ళా ఒకసారి పడు. ఏమప్పా, ఆ స్టాండు రవంత ముందుకు జరుపు" అన్నాడు.

మామ కదలలేదు. "ఆయమ్మ సాలినంత ఏడ్సి ఉండాది. వదిలెయ్‌ అప్పా" అన్నాడు.

"నిన్ను పిలిపించింది యాల మరి?"

"పెద్దాయన ఫొటో కోసరం. అది తీసినా. ఆయమ్మ ఏడుపు నాది కాదు, నీదీ కాదు."

అల్లుడు తన ఫోనే తీశాడు. పిచ్చిచూపులు చూస్తూ ఆయమ్మ లేచి, చెప్పినట్టే భర్త మీద పడింది. "ఇంగ రవంత ఇటు తిరుగు అత్తా" అన్నాడు. ఆమె తిరిగింది.

మామ స్టాండు మడిచి, తాళ్ళు కూడా కట్టకుండా కంబళి చుట్టి బయటికి నడిచాడు. రోడ్డు మీద బస్సు ఆగేచోట ముళ్ళకంప పక్కన కూర్చుని వాంతి చేసుకున్నాడు. నేను సీసాలో నీళ్ళిస్తే పుక్కిలించి ఉమ్మాడు.

"బస్సులో ఇబ్బందని దీన్ని దాసిపెట్టుకొని తిరుగుతాండాననుకున్నావా పాపా? మూడు కాళ్ళు కనపడితే సాలు, మనిషి మారిపోతాడు. ఏడ్సేవాడు కూడా జుట్టు సర్దుకుంటాడు. అది సూడలేక."

ఆ తర్వాత ఆ కుటుంబం వాళ్ళూ, వాళ్ళ బంధువులూ మామను ఏ పెళ్ళికీ పిలవలేదు. పుంగనూరు వైపు పనులు దాదాపు ఆగిపోయాయి. స్టూడియో అద్దెగది నుంచి ఇంటి ముందు గదికి వచ్చింది. మామ ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

ఆ స్టేటస్ చూసి బయల్దేరి నేను మదనపల్లె చేరేసరికి మధ్యాహ్నమైంది. మామను హాల్లో చాప మీద పడుకోబెట్టారు. ఆయన తల పక్కన ఒకటి, కాళ్ళ దగ్గర ఒకటి, గుమ్మంలో ఒకటి స్టాండ్లు. ముఖం మీదికి గుండ్రటి లైటు. స్టేటస్ పెట్టిన బంధువే వీడియోవాళ్ళను పిలిపించాడు, లైవ్ ఇస్తున్నారట. ఒక స్టాండు కాలు చాప అంచు మీద ఉంది. దానికి బురద ఉంది. అత్త తల వంచుకుని కూర్చునుంది.

"అమ్మా, లైవ్‌లో మీ ముఖం పడలేదు. ఇట్ల తిప్పండి" అన్నాడు కెమెరా వాడు.

స్టాండును చాప మీద నుంచి లాగేశాను.

"యాల అక్కా? పని సేసుకోనీ" అన్నాడు వాడు.

"ఇదేం పనిరా?"

బంధువు అడ్డం వచ్చాడు. "దూరాన ఉండేవోళ్ళు సూడద్దా? వాళ్ళకు బాధ ఉండదా?" అన్నాడు. నిజమే, రాలేనివాళ్ళుంటారు. ఒక ఫోను మూలన పెట్టి ఊరుకుంటే మామ కూడా కాదనడు. ఈ లైటూ, ఈ బురదా ఎవరి బాధ కోసం?

నేను నోరు తెరిచేలోపు అత్తే తలెత్తింది. గొంతు పెద్దది చెయ్యలేదు.

"ఆయప్ప ఎవురి ఏడుపూ అడిగి తియ్యలేదు. నా ఏడుపు మీకు ఇయ్యను. ఎత్తుకొని బయటికి పోండి."

వాళ్ళు సణుగుతూ సామాను ఎత్తుకున్నారు. బంధువు అందరికన్నా ఆఖరున, తన ముఖం ఒకసారి ఫోనులో చూసుకుని కదిలాడు. తలుపు వేశాను. అప్పుడు అత్త మామ చెయ్యి తీసుకుని తన చెంపకు ఆనించుకుని, పొద్దుటినుంచి ఆపుకున్నదంతా ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

కాసేపటికి గాలి కోసం కిటికీ తెరిచాను. ప్రహరీ గోడ ఎత్తుగా ఉండడంతో అవతలి మనుషులు కనబడలేదు. గోడ పొడుగునా చేతులు మాత్రం పైకి లేచి ఉన్నాయి. ఒక్కో చేతిలో ఒక్కో ఫోను, అన్నీ మావైపే తిరిగి ఉన్నాయి.